ఏకధ్రువ డైనమో: ఇంట కట్టువారి చిక్కులు



అయస్కాంతముచే విద్యుత్తును పుట్టించు యంత్రములలో అన్నిటికంటె పురాతనమైనదియు, అన్నిటికంటె సులభముగ కనబడునదియు ఒక్కటే. ఒక రాగి బిళ్ల, ఒక ఇరుసు, ఒక అయస్కాంతము, రెండు తీగలు: ఇంతియే దాని సామగ్రి. బిళ్లను అయస్కాంతము నెదుట త్రిప్పుచు, ఒక తీగను ఇరుసునకును, రెండవ తీగను బిళ్ల యంచునకును తాకించినచో ఆ తీగలలో విద్యుత్తు ప్రవహించును. దీనిని ఏకధ్రువ డైనమో యందురు. 1831వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన ఇంగ్లండు దేశమున మైకేల్ ఫారడే పండితుడు దీనిని నడిపి చూచెను. ఆయన వాడిన రాగి బిళ్ల పండ్రెండంగుళముల వ్యాసమును, అంగుళములో నైదవవంతు మందమును గలది. నేడు మన యూళ్లకు వెలుతురునిచ్చు మహాయంత్రములకు మూలపురుషుడు ఆ చిన్న బిళ్లయే.

ఇంత సులువుగ కనబడుటచే దీనిని ఇంటిలోనే కట్టవలెనని ఉత్సాహపడువారు పెక్కురు కలరు. అట్టి బిళ్లలను నేనును కట్టి త్రిప్పితిని. కట్టదలచి వచ్చిన విద్యార్థుల లెక్కలను వారితో కూర్చుండి సరిచూచితిని. వారు వేయు ప్రశ్న తఱచుగ నొక్కటియే. "వోల్టుమీటరు ముల్లు కదలినది, కాని చిన్న దీపమైనను వెలుగలేదు. లోపమెక్కడ నున్నది?" అని వారడుగుదురు. ఈ ప్రసంగమున ఆ ప్రశ్నకే సమాధానము చెప్పబూనుచున్నాను. నా యభిప్రాయమును ముందుగనే మనవి చేసెదను: ఈ యంత్రమునందలి కష్టములలో పెద్దది కదలెడు వస్తువు కదలని వస్తువును తాకు చోట నున్నది. తక్కిన చిక్కులన్నియు తుదకు ఆ చోటికే వచ్చి చేరును.

మొదట దీని ధర్మమును గ్రహింతము. రాగిలో అసంఖ్యాకములైన ఎలక్ట్రానులు స్వేచ్ఛగ సంచరించుచుండును. బిళ్ల తిరుగునపుడు అవియు దానితో తిరుగును. అయస్కాంత క్షేత్రమున కదలెడు ఎలక్ట్రానుపై ఒక త్రోపు పుట్టును. ఆ త్రోపు కదలిక దిక్కునకును, క్షేత్రపు దిక్కునకును కూడ అడ్డముగ నుండును. బిళ్ల ముఖము మీదికి నిలువుగ క్షేత్రము వచ్చుచున్నచో, ఎలక్ట్రానులు ఇరుసునుండి అంచువైపునకో, అంచునుండి ఇరుసువైపునకో నెట్టబడును. అందుచే అంచునకును ఇరుసునకును నడుమ వోల్టేజి యేర్పడును. సాధారణమైన డైనమోలో తీగచుట్ట ఉత్తర ధ్రువమును, దక్షిణ ధ్రువమును ఒకదాని వెంట నొకటి దాటుచుండును గావున విద్యుత్తు దిక్కు మారుచుండును; దానిని ఒకే దిక్కునకు మరల్చుటకు కమ్యుటేటరు కావలెను. ఇచ్చట బిళ్ల కెదురుగ నుండునది సదా ఒకే ధ్రువము. కావున పుట్టునపుడే విద్యుత్తు ఏకముఖమై పుట్టును. ఏకధ్రువమను పేరు ఇందువలననే వచ్చినది.

వోల్టేజి యెంత వచ్చునో తెలిసికొనుటకు ఒక చిన్న సూత్రము కలదు. ఇరుసు దగ్గరి తాకుడునకును అంచు దగ్గరి తాకుడునకును నడుమ బిళ్లను చొచ్చుకొనిపోవు అయస్కాంత రేఖల మొత్తమును అభివాహమందురు. ఆ యభివాహమును సెకండునకు బిళ్ల యెన్నిసారులు తిరుగునో ఆ సంఖ్యచే గుణించినచో వోల్టులు వచ్చును. ఇంతకంటె వేఱు సూత్రము మన పనికి అక్కరలేదు.

ఒక యుదాహరణము తీసికొందము. శ్రోతలు దయయుంచి ఈ యంకెలను వ్రాసికొనుడు. ప్రసంగమంతయు వీనిమీదనే నడచును. బిళ్ల వ్యాసము 20 సెంటీమీటర్లు. అయస్కాంత క్షేత్రము అర టెస్లా, బిళ్లయంతటను సమానము. వేగము నిమిషమునకు 3000 చుట్లు, అనగా సెకండునకు 50 చుట్లు. బిళ్ల వైశాల్యము 314 చదరపు సెంటీమీటర్లు గావున అభివాహము 0.0157 వెబరు. దానిని 50చే గుణించినచో 0.785 వోల్టు వచ్చును. ఇది చేతిదీపములో వేయు బ్యాటరీ వోల్టేజిలో ఇంచుమించు సగము మాత్రమే. అంత బరువైన బిళ్లను, అంత గొప్ప అయస్కాంతమును, అంత వేగముతో త్రిప్పినను ముప్పాతిక వోల్టు దక్కినది!

అయినను ఈ యల్ప వోల్టేజి వెనుక ఒక గొప్పబలము దాగియున్నది. ఈ బిళ్ల అయిదు మిల్లీమీటర్ల మందము గలదైనచో, విద్యుత్తును అంచు చుట్టును సమానముగ తీసికొనునప్పుడు, దాని నిరోధము ఒక ఓములో పదిలక్షలవవంతు కంటె కొంచెము మాత్రమే యెక్కువ. నిరోధము అంత స్వల్పము గావున వేయి ఆంపియర్ల ప్రవాహము బిళ్లకు లెక్కలోనిది కాదు. కావున ఇది వోల్టులిచ్చు యంత్రము కాదు, ఆంపియర్లనిచ్చు యంత్రము. ఈ భేదమును మనసున నుంచుకొననివాడు దీనితో దీపము వెలిగింపజూచి నిరాశపడును.

వోల్టేజిని పెంచుటకు దారులు మూడు: వేగమును పెంచుట, బిళ్లను పెద్దదిగ చేయుట, క్షేత్రమును బలపఱచుట. మూడింటికిని హద్దులు కలవు. వేగమును రెండింతలు చేసినచో వోల్టేజి రెండింతలగును; కాని బిళ్లను చీల్చి విసరివేయజూచు బలము నాలుగింతలగును. బిళ్లను పెద్దదిచేసిన కొలదియు దానికి చాలినంత అయస్కాంతము కావలెను. క్షేత్రము సంగతి కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. ఏలయన డబ్బు ఎక్కువగ వ్యర్థమగునది ఇచ్చటనే.

కొందఱు పెద్ద బిళ్లను తెచ్చి, దాని యంచునకు దగ్గరగ నొక చిన్న అయస్కాంతమును నిలుపుదురు. ఫారడే మొదటి ప్రయోగమునను క్షేత్రము బిళ్ల యంచు దగ్గర నొక్కచోటనే యుండెను. ఆయన తెలిసికొనదలచిన విషయమునకు అది చాలెను. కాని విద్యుత్తును వాడుకొనదలచిన వారికి అది చాలదు. అయస్కాంతము క్రింద నున్న భాగమున వోల్టేజి పుట్టును. ప్రక్కనున్న భాగమున పుట్టదు. అందుచే పుట్టిన విద్యుత్తు బయటి తీగవెంట పోక, క్షేత్రములేని ప్రక్కభాగముగుండ వెనుకకు తిరిగి బిళ్లలోనే సుడులు చుట్టుచు దానిని వేడిచేయును. చేనికి పోవలసిన నీరు కాలువ గట్టు తెగి మరల చెఱువులోనికే పోయినట్లగును. కావున క్షేత్రము బిళ్ల చుట్టును సమానముగ నుండవలెను.

ఇంకొక చిక్కు కలదు. అయస్కాంత రేఖలు ఒక ముఖమున బయలుదేఱి, చుట్టుతిరిగి, రెండవ ముఖమును చేరును. బిళ్ల అయస్కాంతముకంటె వెడల్పైనచో, అట్లు తిరిగివచ్చు రేఖలు బిళ్ల యంచుభాగమును ఎదురుదిక్కున చొచ్చుకొనిపోవును. మన సూత్రము ప్రకారము అవి మొత్తమునుండి తీసివేయబడును. పెద్ద బిళ్ల పెట్టితిమి గదా యని సంతోషించువాడు నిజమునకు వోల్టేజిని తగ్గించుకొన్నవాడగును. దీనికి మందు ఇనుపచట్రము. తిరుగు దారిని ఇనుముగుండ కల్పించినచో రేఖలు బిళ్ల జోలికి రావు. కాని ఇనుము కొంతవఱకే మోయగలదు. మన 0.0157 వెబరు అభివాహమును ఒకటిన్నర టెస్లాచొప్పున మోయుటకు 105 చదరపు సెంటీమీటర్ల యినుము కావలెను. రెండు సెంటీమీటర్ల యిరుసు దీనిని మోయజాలదు. బిళ్ల చుట్టును గిన్నెవలె నొక దట్టమైన యినుప గోడను నిలుపవలెను. ఆ గోడ మందము ఒకటిన్నర సెంటీమీటరునకు మించవలెను. ఇంట కట్టు యంత్రము బరువెక్కుట ఇట్లు.

అయస్కాంతముల విషయమున మనము ఫారడే కంటె అదృష్టవంతులము. 1980 దశకమున నియోడిమియము, ఇనుము, బోరాను కలిసిన అయస్కాంతములు వెలసినవి. పూర్వపు అయస్కాంతములకంటె ఇవి యెంతయో బలమైనవి. కాని ఇవి పింగాణివలె పెళుసైనవి; వీనిలో సామాన్యపు రకములు 80 సెంటీగ్రేడు డిగ్రీలు దాటిన వేడిమికి బలము కోల్పోవును. చిన్న చిన్న బిళ్లలను ప్రక్కప్రక్కన పేర్చి పెద్ద ముఖము చేయబూనినచో, ఒకే ధ్రువమును పైకి పెట్టుటచే అవి యొకదాని నొకటి త్రోసికొని యెగిరిపడును. రెండు పెద్ద అయస్కాంతముల నడుమ వ్రేలు చిక్కినచో ఎముక విఱుగుటయు కలదు. వీనిని కొయ్య చట్రములో నొక్కటొక్కటిగ బిగించుచు పోవలెనుగాని వట్టిచేతులతో దగ్గరకు చేర్పరాదు.

ఇక వింతయైన యొక విషయము. అయస్కాంతమును నిలిపి బిళ్లను త్రిప్పినచో వోల్టేజి వచ్చును. బిళ్లను నిలిపి అయస్కాంతమును త్రిప్పినచో రాదు. రెండింటిని కలిపి బిగించి త్రిప్పినచో మరల వచ్చును! ఈ సంగతిని ఫారడే 1832లోనే ప్రకటించెను. పెక్కుమందిని ఇది నేటికిని ఆశ్చర్యమున ముంచుచున్నది. అసలు రహస్యమిది: గుండ్రని అయస్కాంతము తన యిరుసు చుట్టు తిరిగినను దాని క్షేత్రము మాఱదు, కావున అది తిరుగుటయు తిరుగకుండుటయు సమానమే. బిళ్ల తిరుగవలెను, బయటి తీగ తిరుగక నిలువవలెను. ఆ రెండింటి నడుమ వేగభేదము లేనిదే విద్యుత్తు రాదు.

ఈ వాక్యమునుండి రెండు ఫలితములు కలుగును. మొదటిది: తాకుడులు లేని ఏకధ్రువ డైనమోను కట్టజాలము. బయటి తీగను కూడ బిళ్లకే అతికించి త్రిప్పినచో, ఆ తీగలో పుట్టు వోల్టేజి బిళ్లలోని వోల్టేజిని సరిగ కొట్టివేయును. రెండవది: సాధారణ డైనమోలో వలె తీగను నూఱుచుట్లు చుట్టి వోల్టేజిని నూఱింతలు చేయుటకు వీలులేదు. ప్రతి బిళ్లకును రెండు తాకుడులు కావలెను. పది బిళ్లలను వరుసగ కలిపినచో ఇరువది తాకుడులు. అయస్కాంతము తిరిగినను దోషములేదు గావున దానిని బిళ్లకే అతికింపవచ్చునని కొందఱు తలంతురు. అది సులువే, నడుమ ఖాళీ మిగులదు. కాని పెళుసైన యా అయస్కాంతము వేగమునకు పగిలి తుపాకిగుండ్లవలె చెదరగలదు. ఇంట కట్టువారు అయస్కాంతమును కదలకుండ నిలుపుటయే మేలు.

ఇప్పుడు అసలు కష్టమునకు వచ్చితిమి. తిరుగు బిళ్లనుండి విద్యుత్తును దింపుకొనుటకు బ్రష్షులు కావలెను. బజారులో సులభముగ దొరకు బొగ్గు బ్రష్షులను తెచ్చి పెట్టినచో ఏమగునో చూడుడు. బొగ్గు బ్రష్షు తాకుచోట సాధారణముగ ఒక వోల్టు వఱకు నష్టమగును. రెండు తాకుడులలో రెండు వోల్టులు. మన యంత్రము పుట్టించునది ముప్పాతిక వోల్టు. అనగా కలిగిన వోల్టేజియంతయు గుమ్మము దాటకమునుపే ఖర్చగును. విద్యార్థుల ప్రశ్నకు సమాధానమిదియే. వోల్టుమీటరు నామమాత్రపు విద్యుత్తును మాత్రమే గైకొనును గావున చెడ్డ తాకుడుతోనైనను ముల్లు కదలును. దీపమో, చిన్న మోటారో తగిలించినంతనే వోల్టేజి కూలిపోవును. చెఱువు నిండుగ నున్నను తూము సన్నమైనచో చేనికి నీరు చాలదు గదా!

రాగిపొడి హెచ్చుగ కలిపి చేసిన గ్రాఫైటు బ్రష్షులు దీనికి తగినవి. వానియందు రెండు తాకుడులకును కలిపి నష్టమును 0.3 వోల్టు ప్రాంతమునకు దింపవచ్చును. కాని ఈ బ్రష్షు చదరపు సెంటీమీటరునకు ఇరువది ఆంపియర్ల చొప్పున మోయుననుకొన్నచో, వేయి ఆంపియర్లకు 50 చదరపు సెంటీమీటర్ల తాకుడు కావలెను. అయిదేసి చదరపు సెంటీమీటర్ల బ్రష్షులు పదింటిని బిళ్ల యంచు చుట్టును అమర్పవచ్చును, చోటు చాలును. ఇరుసు దగ్గర చోటు చాలదు. రెండు సెంటీమీటర్ల యిరుసు చుట్టుకొలత ఆరు సెంటీమీటర్లకు కొంచెమే యెక్కువ గావున, ఎనిమిది సెంటీమీటర్ల పొడవునను దాని చుట్టును బ్రష్షులే క్రమ్ముకొనవలెను. అందఱును అంచునుగూర్చియే ఆలోచింతురు. ఇరుసునుగూర్చి తలచువారు తక్కువ. అంచున ప్రవహించిన ప్రతి ఆంపియరును ఇరుసుగుండ కూడ పోవలెను.

నష్టమును తగ్గించుటకు బ్రష్షును గట్టిగ నొక్కుదము అందురా? అప్పుడు ఘర్షణ వచ్చును. ఒక్కొక్క బ్రష్షును కిలోగ్రాము బరువుతో నొక్కినామనుకొందము. బిళ్ల యంచు సెకండునకు 31 మీటర్లకు పైగ పరుగెత్తుచున్నది. ఘర్షణ గుణకము 0.2 అయినచో పది బ్రష్షులు కలిసి దాదాపు 616 వాట్లను మ్రింగును. ఇంత యొత్తిడికి ఇరుసు దగ్గర 62 వాట్లు మాత్రమే ఖర్చగును. ఏలయన అచ్చట వేగము పదవవంతు.

ఇక బయటి తీగలు. చదరపు సెంటీమీటరు మందముగల రాగికడ్డీ మీటరు పొడవునకు 0.17 మిల్లీఓము నిరోధమును కలిగియుండును. మామూలు వ్యవహారమున ఇది సున్నయే. కాని వేయి ఆంపియర్లు పోవునపుడు పోకకు ఒక మీటరు, రాకకు ఒక మీటరు తీగ యున్నచో 0.34 వోల్టు అందులోనే పోవును.

గృహస్థు నెలకొకమాఱు జమాఖర్చు వ్రాసికొన్నట్లు మనమును వ్రాసికొందము. జమ: 0.785 వోల్టు. ఖర్చు: తాకుడులలో 0.3, తీగలలో 0.34. నిలువ: 0.145 వోల్టు. వేయి ఆంపియర్లకు అది 145 వాట్లు. దీనికై ఇరుసును త్రిప్పువాడు పెట్టు శక్తి యెంత? విద్యుత్తునకు 785, అంచు ఘర్షణకు 616, ఇరుసు ఘర్షణకు 62. మొత్తము 1463 వాట్లు, అనగా దాదాపు రెండు గుఱ్ఱపు బలములు. బేరింగులను, గాలిని నేను లెక్కించలేదు. పెట్టినదానిలో మనకు దక్కినది పదింట నొకవంతు. ఇంతటి అల్పలాభము గల వ్యాపారమును ఏ వర్తకుడును చేయడు.

అయినను ఈ చిట్టా నిరుత్సాహపఱచుటకు వ్రాసినది కాదు. ఎచ్చట పొదుపు చేయవలెనో ఇది చూపుచున్నది. తీగలను మీటరునుండి పావు మీటరునకు కుదించి, మందమును రెండింతలు చేసినచో, 0.34 వోల్టు నష్టము 0.04 ప్రాంతమునకు దిగును. నిలువ 0.145 నుండి 0.44కు పెరుగును, దక్కినది మూడింతలైనది. ఈ పొదుపునకు కొంచెము రాగి తప్ప ఖర్చులేదు. వస్తువును యంత్రము దగ్గరకు తెచ్చుట, యంత్రమునుండి తీగను వస్తువు దగ్గరకు లాగుటకంటె మేలన్నమాట. బలమైన అయస్కాంతము కొనుటకు వేలు వెచ్చించుటకు ముందు ఈ పని చేయవలెను.

ఘర్షణను తప్పించుటకు పూర్వులు పలు ఉపాయములు పన్నిరి. 1889లో నికోలా టెస్లా పేటెంటు పొందిన యంత్రమున రెండు బిళ్లలు కలవు. ఒకదానిలో విద్యుత్తు ఇరుసునుండి అంచునకును, రెండవదానిలో అంచునుండి ఇరుసునకును పోవును. రెండంచులను ఒక లోహపు పటకా కలుపుచుండును. పటకా బిళ్లలతోపాటు పరుగెత్తును గావున అంచున రాచుకొను బ్రష్షులే యుండవు. బ్రష్షులు రెండు ఇరుసుల దగ్గర మాత్రమే. వోల్టేజియు రెండింతలు. వేగము హెచ్చుగ నున్న చోటును తప్పించుట ఇందలి నేర్పు. ఇంట కట్టువారికి దీనియందు చిక్కు పటకాయే: అది మెత్తగ వంగవలెను, విద్యుత్తును బాగుగ మోయవలెను, తెగరాదు.

రెండవ ఉపాయము ద్రవలోహము. ఫారడే తన బిళ్ల యంచునకు పాదరసము పూసెను. కాని పాదరసపు ఆవిరి నరములను చెఱచు విషము. ఇంటిలో, పిల్లలు తిరుగు చోట, వేగముగ త్రిప్పెడు యంత్రమున దానిని వాడుట ఎంతమాత్రము కూడదు. గాలియము, ఇండియము, తగరము కలిసిన మిశ్రలోహము మన గదుల వేడిమిలోనే ద్రవముగ నుండును. అట్టి విషపు ఆవిరి దానికి లేదు. దాని వెల యెక్కువ. గాలి తగిలిన దానిపై పొర కట్టును. అల్యూమినియమును తాకినచో దానిని పెళుసుచేసి పాడుచేయును. దీనిని వాడువారు చట్రమున నెచ్చటను అల్యూమినియమును పెట్టరాదు.

మూడవ ఉపాయము: బ్రష్షులను పైకెత్తి బిళ్లను తగినంత వేగమునకు తెచ్చి, పిమ్మట క్షణకాలము బ్రష్షులను దించి, పోగుచేసిన శక్తిని ఒక్కమాఱుగ తీసికొనుట. మన బిళ్ల బరువు కిలోగ్రామున్నర లోపు. 3000 చుట్ల వేగమున దానిలో నిలువయుండు శక్తి దాదాపు 350 జౌళ్లు మాత్రమే. వేయి ఆంపియర్ల చొప్పున తీసినచో అర సెకండు కూడ నిలువదు. అయినను రెండు పలుచని రేకులను ఒకచోట అతికించుటకు అంత సేపు అక్కరలేదు. ఇంటి యంత్రమునకు తగిన పనులలో ఇది యొకటి. లోహపుపూత పూయుట మఱియొకటి.

ఈ చిక్కులు చిన్నవారికే గాని పెద్దవారికి లేవనుకొనవలదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ వారికై బెంజమిన్ ల్యామ్ 2000 కిలోవాట్ల ఏకధ్రువ యంత్రమును నిర్మించెను. దాని బ్రష్షులతోను, బ్రష్షులు రాయు కడియములతోను తాము పడిన పాట్లను ఆయన 1912లో ఒక పత్రమున దాపరికము లేక వివరించెను. ఆస్ట్రేలియా దేశమున క్యాన్‌బెరా నగరమందు మార్క్ ఆలిఫెంట్ కట్టించిన యంత్రము 500 మెగాజౌళ్ల శక్తిని నిలువ చేయుచు, ఇరువది లక్షల ఆంపియర్ల వఱకు ప్రవాహమును ఈయగలిగెను. అది 1962 మొదలు 1986లో విప్పివేయబడు వఱకు శాస్త్రజ్ఞులకు ఉపయోగపడెను. దానియందు మొదట తాకుడునకు సోడియము, పొటాసియము కలిసిన ద్రవలోహమును చిమ్మిరి. ఆ ద్రవము గాలికి మండును, నీటికి ప్రేలును. తుదకు దానిని మానుకొని ఘనమైన బ్రష్షులనే ఏర్పాటు చేసిరి. ఒక రాజ్యపు ధనమును, ఒక విశ్వవిద్యాలయపు పాండిత్యమును వెనుక నున్నను కష్టము వారికిని తాకుడు దగ్గరనే ఎదురైనది.

చేతిపని విషయమున రెండు మాటలు. విద్యుత్తును గుండ్ల బేరింగులగుండ పోనీయరాదు. గుండ్లమీద గుంటలుపడి బేరింగులు త్వరలో పాడగును. బేరింగు గృహమును ఎబొనైటు వంటి దానితో వేఱుచేయవలెను. బిళ్లను లేతు యంత్రముపై సరిజేయించి, తూకము కుదిర్చి, మొదట మెల్లగ త్రిప్పి చూడవలెను. తిరుగు బిళ్లకును మనకును నడుమ దట్టమైన యినుప రేకు కవచము తప్పక యుండవలెను. నిలుచువారు బిళ్ల ముఖమునకు ఎదురుగ నిలువవచ్చును గాని, అంచునకు సూటిగ నిలువరాదు. ఏదైనను ఊడినచో ఆ దిక్కుననే ఎగురును.

ముగించుటకు ముందు ఒక ముఖ్యవిషయమును చెప్పకతీఱదు. ఇందాక చెప్పిన వింతను, అనగా అయస్కాంతము బిళ్లతో కలిసి తిరిగినను విద్యుత్తు పుట్టుటను, ఆధారముచేసికొని, ఈ యంత్రము పెట్టినదానికంటె ఎక్కువ శక్తి నిచ్చునని ప్రచారము చేయువారు కలరు. అయస్కాంతమును త్రోయు ప్రతిబలము లేదు గావున శ్రమలేకయే విద్యుత్తు వచ్చునని వారి వాదము. ఇది నమ్మి, కూడబెట్టిన సొమ్మును అయస్కాంతములకు పోసిన యువకులను నేనెఱుగుదును. బిళ్లలో విద్యుత్తు ప్రవహించినంతనే క్షేత్రము దానిని వెనుకకు పట్టిలాగును. అయస్కాంతము బిళ్లకే అతికియున్నచో, ఆ పట్టు బిళ్ల అయస్కాంతముల జంటకును, నిలిచియున్న బయటి తీగకును నడుమ నుండును. ఎచ్చట నున్నను త్రిప్పువాడు దానిని తప్పించుకొనలేడు. పుట్టిన ప్రతి వాటును అతని చేతినుండి వెడలినదే.

మఱి హెచ్చు శక్తి వచ్చినట్లు కొలతలలో కనబడుటకు కారణమేమి? అల్పమైన వోల్టేజిని, అధికమైన ప్రవాహమును సరిగ కొలుచుట కష్టము. వోల్టుమీటరును భారము మోయు కొనలకు తగిలింపక బిళ్లకు దగ్గరగ తగిలించినచో, తీగలలో నశించినదియు లాభమువలె కనబడును. భారము లేనప్పటి వోల్టేజిని భారమున్నప్పటి ప్రవాహముచే గుణించినచో, లేని శక్తి కాగితముమీద పుట్టును. త్రిప్పు మోటారు గైకొన్న శక్తిలో దాని సొంత నష్టములను అందాజుగ తీసివేసినచో మఱికొంత పుట్టును. కావున కొలత యొకే క్షణమున, ఒకే భారముతో, రెండువైపులను జరుగవలెను. ఆ నియమము పాటించు యువకుని ఏ ప్రచారకుడును మోసగింపజాలడు.

కట్టదలచినవారికి నా సలహా యిది. మొదట జమాఖర్చు చిట్టాను కాగితముపై వ్రాయుడు. పిమ్మట తాకుడులను, ఆ వెనుక తీగలను, వాని తరువాత ఇనుపచట్రమును నిర్ణయించుకొనుడు. అయస్కాంతమును చివరకు కొనుడు. చేతితో త్రిప్పు చిన్న బిళ్లతో ప్రారంభించి, అభివాహమును చుట్ల సంఖ్యచే గుణించిన లెక్కకు మీటరు చూపు వోల్టేజి సరిపోవునో లేదో చూడుడు. సరిపోయిననాడు మీరు ప్రకృతినుండి ఒక సత్యమును స్వయముగ వినినవారగుదురు. వెలగల అయస్కాంతము ఆ దినమున కొన్నను ఆలస్యము కాదు.